అంకెల కనికట్టు

వీధిలో గారడివాడు వట్టిచేతినుండి నాణెమును తీసి చూపినపుడు చూచువారందరును ఆశ్చర్యపడుదురు. అయినను నాణెము శూన్యమునుండి పుట్టినదని నమ్మువాడెవడును లేడు. వాని చేయి ఎచ్చటనో చురుకుగా కదలినదనియు, తమ కన్ను ఆ కదలికను పట్టుకొనలేకపోయినదనియు అందరును ఎరుగుదురు. గణితములోను ఇట్టి గారడి కలదు. ఒకటి రెండునకు సమానమని అది ఋజువు చేయును. చేతిలోని ధనమును లెక్కలో మాయము చేయును. పరుగెత్తువాడు మెల్లగా నడచువానిని ఎన్నడును దాటజాలడని వాదించును. అందలి మాటలన్నియు సరిగానే తోచును; తుదకు వచ్చిన ఫలితము మాత్రము అసంభవముగా నుండును.

ఇట్టి లెక్కలను చూచి నవ్వి విడిచిపెట్టుట సులభము. కాని ఫలితము తప్పని చెప్పినంత మాత్రమున చాలదు. ఏ మెట్టున కాలు జారెనో వ్రేలుపెట్టి చూపవలెను. అట్లు చూపగలిగినవాడే లెక్కను నిజముగా నేర్చినవాడు. అట్లు చూపలేనివాడు వినోదపు లెక్కలో ఓడిపోయినచో నష్టము లేదు. జీవితపు లెక్కలో ఓడిపోయినచో ఇల్లును, పొలమును పోగొట్టుకొనవచ్చును.

పోయిన పది రూపాయలు

జనగామ జిల్లాలోని కొడకండ్లలో చేనేత వృత్తిగా గల కుటుంబములు కలవు. ఆ ఊరి నేతగాండ్రు ముగ్గురు బట్టలమ్ముకొనుటకు పట్టణమునకు పోయి, రాత్రి యొక బసలో దిగిరనుకొనవలెను. గదికి అద్దె 300 రూపాయలని చెప్పగా, ముగ్గురును తలకొక 100 రూపాయలు చెల్లించిరి. తరువాత బస యజమాని ఆ గదికి 250 రూపాయలే తీసికొనవలసినదని గుర్తించి, మిగిలిన 50 రూపాయలను పనివాని చేతికిచ్చి పంపెను. ఆ పనివాడు యాబదిని ముగ్గురికి సమముగా పంచుట కష్టమని తలచి, తలకొక పది రూపాయలిచ్చి, మిగిలిన 20 రూపాయలను తన జేబులో వేసికొనెను.

ఇప్పుడు ఒక్కొక్క నేతగానికి అయిన ఖర్చు 90 రూపాయలు. ముగ్గురికిని కలిపి 270 రూపాయలు. పనివాని జేబులో నున్నది 20 రూపాయలు. 270, 20 కలిపినచో 290 రూపాయలే అగుచున్నవి. మొదట చెల్లించినది 300 రూపాయలు కదా! తక్కిన పది రూపాయలు ఏమైనవి?

ఈ ప్రశ్న విన్నవారిలో పెక్కుమంది ఆ పది రూపాయలకొరకు వెదకుదురు. పనివాడు కాజేసెననువారును కలరు, యజమాని దాచెననువారును కలరు. నిజమునకు పోయిన పది రూపాయలు లేనే లేవు. తప్పు ధనములో లేదు, ప్రశ్నలో నున్నది. నేతగాండ్రకు ఖర్చయిన 270 రూపాయలలో యజమానికి చేరినది 250, పనివానికి చేరినది 20. అనగా పనివాని 20 రూపాయలు 270లోనే ఇమిడియున్నవి. వానిని 270కి మరల కలుపుటకు అర్థమే లేదు. కలుపవలసినచో నేతగాండ్ర చేతికి తిరిగి వచ్చిన 30 రూపాయలను కలుపవలెను. అప్పుడు 270, 30 కలిసి 300 అగును.

చెప్పినవాడు చేసిన కనికట్టు ఇది మాత్రమే: కలుపరాని రెండు సంఖ్యలను కలిపి, వచ్చిన మొత్తమును 300కు ప్రక్కన నిలిపి పోల్చినాడు. 290 అను సంఖ్య 300కు దగ్గరగా నుండుటచేత వినువాడు ఆ పోలికను అంగీకరించినాడు. వచ్చిన మొత్తము 300కు ఎంతో దూరముగా నున్నచో, ఇంతమంది మోసపోయి యుండరు. సత్యమునకు మిక్కిలి చేరువగా నుండు అసత్యమే అపాయకరమైనది.

ఒకటియు రెండును సమానమా?

ఈ రెండవ కనికట్టు బీజగణితమునకు సంబంధించినది. క, గ అనునవి రెండు సమాన సంఖ్యలనుకొనవలెను.

క = గ

రెండువైపులను క చేత గుణించిన,
క × క = క × గ

రెండువైపులనుండి గ × గ తీసివేసిన,
(క × క) − (గ × గ) = (క × గ) − (గ × గ)

కారణాంకములుగా విడదీసిన,
(క + గ) × (క − గ) = గ × (క − గ)

రెండువైపులను (క − గ) చేత భాగించిన,
క + గ = గ

క, గ సమానములు కావున ఎడమవైపున రెండు గలు, కుడివైపున ఒక గ ఉన్నవి. రెండువైపులను గ చేత భాగించిన,
2 = 1

ఇందు ప్రతి మెట్టును పాఠశాలలో నేర్పిన నియమము ననుసరించియే యున్నట్లు కనబడును. దోషమెచ్చట? అక్షరముల బదులు అంకెలు పెట్టి చూచినచో గుట్టు బయటపడును. క, గ రెండును 5 అనుకొనిన, నాలుగవ మెట్టున 10 × 0 = 5 × 0 అని వచ్చును. ఇది నిజమే, రెండువైపులను సున్నయే యున్నది. అందుండి 10 = 5 అని చెప్పుట మాత్రము నిజము కాదు. క, గ సమానములైనపుడు (క − గ) అనునది సున్న. సున్న అను అంకె అక్షరముల ముసుగు వేసికొని వచ్చి భాజకముగా కూర్చున్నది. ఏ సంఖ్యను సున్నచే గుణించినను సున్నయే వచ్చును. కావున సున్నచే గుణించినపుడు సంఖ్యల భేదము చెరిగిపోవును. చెరిగిపోయిన దానిని భాగహారముచే తిరిగి తెచ్చుట సాధ్యము కాదు. అందుచేతనే సున్నచే భాగింపరాదను నియమమేర్పడినది.

ఈ నియమము మహాపండితులకు సైతము ఒక్కసారిగా లభించినది కాదు. 628లో బ్రహ్మగుప్తుడు తన బ్రాహ్మస్ఫుటసిద్ధాంతమున సున్నతో చేయు కూడికలకును, తీసివేతలకును, గుణకారములకును నియమములు చెప్పెను. అది లోకమునకు గొప్ప కానుక. కాని సున్నను సున్నచే భాగించిన సున్నయే వచ్చునని ఆయన చెప్పిన మాట నిలువలేదు. 850 ప్రాంతమున మహావీరాచార్యుడు, ఒక సంఖ్యను సున్నచే భాగించినను ఆ సంఖ్య మారదని చెప్పెను. అదియు నిలువలేదు. 1150 ప్రాంతమున భాస్కరాచార్యుడు అట్టి భాగహారమువలన అనంతరాశి కలుగునని చెప్పెను. నేటి గణితము అసలు ఆ భాగహారమునే అంగీకరింపదు. ముగ్గురును భారతదేశమునకు కీర్తి తెచ్చినవారే. వారి పేరును చూచి వారి మాట నంగీకరించుటకాని, వారి పొరపాటును చూచి వారిని తక్కువ చేయుటకాని గణితశాస్త్రమునకు సమ్మతము కాదు. ఎవరు చెప్పినను ఆ శాస్త్రము అడుగు ప్రశ్న యొక్కటే: ఈ మెట్టు నిలుచునా, నిలువదా?

సంఖ్యల కంఠహారములు

పైన పేర్కొనిన మహావీరాచార్యుడు రాష్ట్రకూట చక్రవర్తియైన అమోఘవర్షుని కాలమువాడు. ఆయన సంస్కృతమున గణితసారసంగ్రహమను గ్రంథమును రచించెను. దానిని పావులూరి మల్లన తెలుగు పద్యములలో సారసంగ్రహగణితముగా వెలయించెను. ఆయన కాలము 11వ శతాబ్దమని కొందరును, 12వ శతాబ్దమని కొందరును పండితులు చెప్పుదురు. తెలుగున నేడు లభించుచున్న గణితగ్రంథములలో ఇదియే మొదటిది. మల్లన మక్కికి మక్కి అనువదింపలేదు. మూలములోని జైనమత ప్రసంగములను తొలగించి, శివపరమైన ఉదాహరణములను చేర్చెను. శుష్కమని తోచు లెక్కలను పద్యములలో పొదిగి, కంఠస్థము చేయుటకు అనువుగా తీర్చెను.

గుణకారమును నేర్పునపుడు మహావీరాచార్యుడు ఒక చమత్కారము చేసెను. గుణించిన ఫలితము ఎటునుండి చదివినను ఒకే విధముగా నుండు లెక్కలను ఏర్చి, ఆ ఫలితములను కంఠాభరణములతో పోల్చెను. హారము మెడలో నున్నపుడు ఇరువైపులను ఒకే వరుసలో పూసలు కనబడును కదా!

139 × 109 = 15151
152207 × 73 = 11111111
142857143 × 7 = 1000000001
27994681 × 441 = 12345654321

ఇట్టి హారములలో మిక్కిలి సొగసైనది మరియొకటి కలదు.

12345679 × 9 = 111111111

ఇందు గుణ్యములో 8 అను అంకె లేదు. ఆ లోపమే దీనిలోని రహస్యము. చేతితో గుణించి చూచినచో అది తెలియును. తొమ్మిది తొమ్ములు 81. ఒకటి వేసి, 8 మోయవలెను. తరువాత రావలసిన అంకె 8 అయినచో, ఎనిమిది తొమ్ములు 72, మోసిన 8 కలిపిన 80. అచ్చట సున్న పడి హారము తెగిపోయెడిది. 8ని విడిచి 7 వేసినందున, ఏడు తొమ్ములు 63, మోసిన 8 కలిపి 71. మరల ఒకటి పడును. తరువాత 54, 7 కలిసి 61; 45, 6 కలిసి 51; ఇట్లు తుదివరకు ప్రతి స్థానమునను ఒకటియే పడుచు పోవును. చూచువానికి ఇంద్రజాలముగా తోచినది, చేసి చూచువానికి సహజముగా తోచును. వింత పోయినను సొగసు పోలేదు; కారణము తెలిసిన పిదప సొగసు ఇనుమడించినది.

అయితే ఈ హారములలోనే ఒక ఉచ్చు కూడ కలదు. ఒకట్లను మాత్రమే గల సంఖ్యలను వానిచేతనే గుణించినచో ఇట్లు వచ్చును.

11 × 11 = 121
111 × 111 = 12321
1111 × 1111 = 1234321

ఈ వరుస తొమ్మిది ఒకట్లవరకు చక్కగా సాగి, 12345678987654321 అను హారముతో ముగియును. తొమ్మిదిసార్లు నిజమైనది పదవసారియు నిజము కాకుండునా యని తోచును. కాని పది ఒకట్ల సంఖ్యను దానిచేతనే గుణించిన వచ్చునది 1234567900987654321. హారము తెగినది! కారణము స్పష్టమే. ఈ గుణకారమున నడిమి నిలువువరుసలో ఎన్ని ఒకట్లున్నవో అంత మొత్తము వచ్చును. తొమ్మిదివరకు ఆ మొత్తము ఒక్క స్థానములో ఇముడును; పది ఇముడదు, ప్రక్క స్థానమునకు పొర్లును. కావున పెక్కుమార్లు సత్యమైనదని ఎల్లప్పుడును సత్యమనుకొనరాదు. ఉదాహరణము ఊహను కలిగించును. ఋజువు మాత్రమే నమ్మకమును కలిగించును.

చదరంగపు గళ్లు, నాగు వడ్డి

చదరంగమును కనిపెట్టినవాడు రాజును వరము కోరిన కథ లోకప్రసిద్ధము. మొదటి గడిలో ఒక గింజ, రెండవ గడిలో రెండు, మూడవ గడిలో నాలుగు, ఇట్లు ప్రతి గడికిని రెట్టింపు చేయుచు 64 గళ్లకును సరిపడు గింజలిమ్మని వాడడిగెనట. ఇది యెంతలే యని రాజు నవ్వెనట.

ఈ గింజల మొత్తమును పావులూరి మల్లన ఒక్క పద్యములో ఇమిడ్చెను. అంకెలను పద్యములో చెప్పుటకు పూర్వులకు ఒక సంకేతము కలదు. ఆకాశమన్న సున్న, చంద్రుడన్న ఒకటి, వేదములన్న నాలుగు, శరములన్న ఐదు, గిరులన్న ఏడు, ఏనుగులన్న ఎనిమిది. ఒకట్ల స్థానమునుండి ఆరంభించి ఎడమవైపునకు సాగుచు చదువవలెను. గిరి, వేద, చంద్ర అను వరుసకు 147 అని అర్థము. ఈ విధముగా మల్లన చెప్పిన సంఖ్యలో ఇరువది అంకెలు కలవు. అది 1,84,46,74,40,73,70,95,51,615. ఎన్ని శతాబ్దములు గడచినను, ఎన్ని యంత్రములు వచ్చినను, అందు ఒక్క అంకెయు మార్పవలసిన పని కలుగలేదు.

ఈ రాశి ఎంతటిదో ఊహించుటకు బియ్యపుగింజలను గ్రాముకు 50 చొప్పున లెక్కింపవచ్చును. మొదటి ఇరువది గళ్ల గింజలు 10,48,575. తూచినచో ఇరువదియొక్క కిలోలు మాత్రమే. ఆ మాత్రము ఒక మనుష్యుడే మోయగలడు. ముప్పది గళ్లకు సుమారు 21 టన్నులు. నలువది గళ్లకు సుమారు 22 వేల టన్నులు. అరువదినాలుగు గళ్లును నిండవలెనన్న 36 వేల కోట్ల టన్నులకు మించి కావలెను. నేడు ప్రపంచమంతట ఏటేట లభించు బియ్యము సుమారు 50 కోట్ల టన్నులకు పైబడియున్నది. అట్టి పంటలు ఆరేడువందల ఏండ్లు కూడబెట్టినగాని రాజు తన మాటను నిలుపుకొనజాలడు. ఆయన తప్పు ఔదార్యములో లేదు. మొదటి గళ్లను చూచి తుదిగళ్లను కొలిచెను.

రాజు పొరపాటు కథలోనిది కావున నవ్వవచ్చును. అదే పొరపాటు పల్లెలలో కన్నీరు తెప్పించినది. తెలంగాణ గ్రామములలో పూర్వము ధాన్యము అప్పుగా నిచ్చి, ధాన్యమునే వడ్డిగా తీసికొనెడివారు. దానిని నాగు అనెడివారు. ఒక రైతు 16 కుంచముల వడ్లను సగము వడ్డికి తెచ్చుకొనెననుకొనవలెను. పంట చేతికి రాగానే 24 కుంచములు కొలిచినచో అప్పు తీరును. వానలు కురియక పంట ఎండిపోయి, ఐదేండ్లు అతడేమియు చెల్లింపలేకపోయినచో ఎంత అప్పగును? ఏటికి 8 కుంచముల చొప్పున ఐదేండ్లకు 40, అసలు 16, మొత్తము 56 కుంచములని అతడు మనసులో లెక్క కట్టుకొనును. కాని వడ్డిని అసలులో కలుపుచు పోయినచో, 16 కుంచములు మొదటి యేట 24, రెండవ యేట 36, మూడవ యేట 54, నాలుగవ యేట 81, ఐదవ యేట 121న్నర కుంచములగును. రైతు తలచినది 56. పత్రములో నున్నది 121న్నర. ఈ రెంటికిని నడుమ నున్న 65న్నర కుంచములు అతని కష్టములోనుండి రావలసినవే.

పత్రము వ్రాయువాడొకడు, వ్రేలిముద్ర వేయువాడొకడు అయినచోట ఇట్టి లెక్కను ప్రశ్నించువాడెవడు? జనగామ ప్రాంతము నిజాము పాలనలో నున్న కాలమున వెట్టిచాకిరికిని, అక్రమ వసూళ్లకును, అధిక వడ్డికిని ఎదురు నిలిచి 1940వ దశకమున రైతులు సంఘములుగా కూడిరి. కొడకండ్లకు చేరువనున్న కడవెండిలో 1946 జూలై 4వ తేదీన దొడ్డి కొమరయ్య తుపాకిగుండు తగిలి ప్రాణములు విడిచెను. ఆ పోరాటమునకు కారణములు పెక్కు కలవు; భూమి వానిలో ముఖ్యమైనది. అయినను తన అప్పు ఎంతయో తానే లెక్కించుకొనలేని దైన్యము ఆనాటి బాధలలో చిన్నది కాదు. రెట్టింపుల లెక్క చదరంగపు పలకమీద వినోదము. అప్పుపత్రముమీద అది కుటుంబముయొక్క బ్రదుకు.

సగటు చేయు మోసము

కొడకండ్లనుండి జనగామకు ఒకడు సైకిలుపై గంటకు 10 కిలోమీటర్ల వేగముతో పోయెను. రాకపోకలు రెండును కలిపి తన సగటు వేగము గంటకు 20 కిలోమీటర్లు కావలెనని అతని కోరిక. తిరిగి వచ్చునపుడు ఎంత వేగముతో రావలెను?

పదియు ముప్పదియు కలిపి సగము చేసిన ఇరువది వచ్చును కావున, గంటకు 30 కిలోమీటర్ల వేగము చాలునని పెక్కుమంది వెంటనే చెప్పుదురు. ఆ మాట తప్పు. అతడు మోటారుపై వచ్చినను, విమానముపై వచ్చినను అతని కోరిక నెరవేరదు. ఏలయన, సగటు వేగము 20 కావలెనన్న రెట్టింపు దూరమును రెట్టింపు వేగముతో దాటవలెను. అందుకు పట్టు కాలము, ఒకవైపు దూరమును 10 కిలోమీటర్ల వేగముతో దాటుటకు పట్టిన కాలమే. ఆ కాలమంతయు పోవుటలోనే ఖర్చయిపోయినది. తిరిగి వచ్చుటకు ఒక్క క్షణమైనను మిగులలేదు. రెండు ఊళ్ల నడుమ దూరమెంతయైనను ఈ మాట మారదు. వేగములను సగటు చేయుట తప్పు. మొత్తము దూరమును మొత్తము కాలముచే భాగింపవలెను. మెల్లగా నడచినపుడు ఎక్కువ కాలము గడచును కావున, సగటు ఎల్లప్పుడును మెల్లని వేగమువైపే మొగ్గును.

కుందేలు తాబేలును దాటునా?

క్రీస్తుపూర్వము 5వ శతాబ్దమున జీనో అను గ్రీకు తత్త్వవేత్త యుండెను. ఆయన వాదమును కుందేలు, తాబేలు కథగా ఇట్లు చెప్పవచ్చును. కుందేలు వేగము తాబేటి వేగమునకు పదిరెట్లు. తాబేలు 100 మీటర్లు ముందున్నది. కుందేలు ఆ 100 మీటర్లు పరుగెత్తు లోపల తాబేలు 10 మీటర్లు ముందునకు పోవును. కుందేలు ఆ పది మీటర్లు దాటు లోపల తాబేలు ఒక మీటరు పోవును. అది దాటు లోపల మీటరులో పదవ వంతు పోవును. ఇట్లు ఎంత చేసినను తాబేలు ఎంతో కొంత ముందే యుండును. కావున కుందేలు దానిని ఎన్నడును పట్టుకొనజాలదు!

ఇందలి మెట్లన్నియు నిజమే. తుదిమాట మాత్రము నిజము కాదు. లెక్కింపవలసిన మెట్లు అనంతముగా నున్నంత మాత్రమున దూరము అనంతము కానక్కరలేదు. ఒక జొన్నరొట్టెలో సగము తిని, మిగిలినదానిలో సగము తిని, ఆ మిగిలినదానిలో మరల సగము తినుచు పోయినచో ఎన్ని ముక్కలైనను తినవచ్చును. కాని అన్నియు కలిసినను ఒక్క రొట్టెకు మించవు. అట్లే 100, 10, 1, పదవ వంతు, నూరవ వంతు, ఇట్లు ఎంత కలిపినను ఆ మొత్తము 111 మీటర్లును, ఒక మీటరులో తొమ్మిదవ వంతును మించదు. సరిగా అచ్చటనే కుందేలు తాబేలును కలిసికొనును. ఆ వెంటనే దాటిపోవును. ఎన్ని ముక్కలు అను ప్రశ్నకును, ఎంత దూరము అను ప్రశ్నకును భేదమున్నదని తెలియగానే జీనో వాదము విడిపోవును.

ఒక చిన్న ప్రశ్న, ఒక పెద్ద గ్రంథము

వినోదమువంటి ప్రశ్న మహాగ్రంథమును కదలించిన సందర్భమును గణితచరిత్రలో కలదు. గోట్‌లోబ్ ఫ్రేగె అను జర్మను పండితుడు గణితమునంతటిని తర్కమను పునాదిపై నిలుపవలెనని పెక్కేండ్లు పరిశ్రమించెను. ఆయన గ్రంథములోని రెండవ సంపుటము అచ్చగుచుండగా, 1902 జూన్ 16వ తేదీన ఇంగ్లండునుండి బెర్ట్రాండ్ రస్సెల్ ఆయనకొక లేఖ వ్రాసెను. అందలి ప్రశ్నను సులభముగా ఇట్లు చెప్పవచ్చును. ఒక గ్రంథాలయములో పుస్తకముల పట్టికలు పెక్కు కలవు. కొన్ని పట్టికలలో వాని పేరు కూడ చేరియున్నది, కొన్నింటిలో లేదు. తమ పేరును తమలో చేర్చుకొనని పట్టికల నన్నింటిని పేర్కొను ఒక క్రొత్త పట్టికను వ్రాయవలెను. ఆ క్రొత్త పట్టికలో దాని పేరును చేర్పవలెనా, వలదా? చేర్చినచో అది తన పేరును తనలో చేర్చుకొనినదగును కావున అందుండరాదు. చేర్పనిచో, చేర్చుకొననిది కావున అందుండవలెను.

ఎటు చెప్పినను చిక్కే. ఇచ్చట దాగిన సున్న లేదు, కలుపరాని అంకెలు లేవు. పునాదిలోనే బీటయున్నదని ఫ్రేగె గ్రహించెను. ఆయన ఆ లేఖను దాచలేదు. 1903లో వెలువడిన తన సంపుటమునకు అనుబంధము చేర్చి, ఆ దోషమును తానే లోకమునకు తెలిపెను. ఆ చిక్కును విడదీయు ప్రయత్నమునుండియే సమితులను గూర్చి నేడు గణితజ్ఞులు పాటించు నియమములు పెక్కు రూపొందినవి. తన శ్రమకంటె సత్యమును మిన్నగా చూచిన పండితుని ఈ చరిత్ర విద్యార్థులకు ఎల్లప్పుడును స్మరణీయము.

పై లెక్కలలో ఒక్కొక్కదానియందు తప్పు ఒక్కొక్క చోట దాగినది. కలుపరానివానిని కలుపుటలో నొకటి, సున్నను గుర్తింపకపోవుటలో నొకటి, కొన్నిసార్లు నిజమైనదానిని ఎల్లప్పుడును నిజమని నమ్ముటలో నొకటి, లెక్కింపక ఊహించుటలో నొకటి. దాగుచోట్లు వేరైనను వెదకు పద్ధతి ఒక్కటే. తొందరపడక ప్రతి మెట్టునందును ఆగి, ఇది ఎందుచేత నిజమని అడుగవలెను. అక్షరములకు బదులు చిన్న అంకెలు పెట్టి చూడవలెను. చెప్పినవాని గొప్పతనమునుగాని, వాక్యముల సొంపునుగాని లెక్కింపరాదు. అంగడిలో బేరమునందును, అప్పుపత్రమునందును, పత్రికలోని ప్రకటనయందును ఈ అలవాటు విద్యార్థికి తోడుగా నిలుచును. గురుతుపెట్టుకొనిన సూత్రము మరపునకు రావచ్చును; ఎందుకని అడుగు అలవాటు ఒకసారి అబ్బినచో విడిచిపోదు.

అభ్యాసము

1. నేతగాండ్ర లెక్కలో 270కి 20 ఎందుకు కలుపరాదు?

2. 2 = 1 అను ఋజువులో ఏ మెట్టు తప్పు? క, గలకు బదులు 7 వేసి చూపుము.

3. 12345679ని 63 చేత గుణింపుము. గుణింపక ముందే ఫలితమును చెప్పగల ఉపాయమేది?

4. ఒక రైతు 32 కుంచముల వడ్లను సగము వడ్డికి తెచ్చెను. వడ్డిని అసలులో కలుపుచు పోయినచో మూడేండ్లకు ఎంత అప్పగును? అతడు మనసులో వేసికొను లెక్కకును దీనికిని భేదమెంత?

5. వేయి రూపాయల చీరకు వర్తకుడు నూటికి 20 వంతున ధర పెంచి, పండుగనాడు పెంచిన ధరపై నూటికి 20 వంతున తగ్గించెను. చీర ధర మరల వేయి రూపాయలగునా?

6. ఒక తండ్రి తన 17 ఎడ్లలో పెద్దకొడుకునకు సగము, నడిమివానికి మూడవ వంతు, చిన్నవానికి తొమ్మిదవ వంతు చెందవలెనని చెప్పి మరణించెను. పొరుగువాడు తన ఎద్దు నొకదానిని కలిపి 18 చేసి, 9, 6, 2 చొప్పున పంచి, మిగిలిన తన ఎద్దును తోలుకొనిపోయెను. ఇది ఎట్లు సాధ్యమైనది? తండ్రి చెప్పిన వంతులను కూడి చూడుము.

7. ముప్పది మూరల లోతుగల బావిలో నున్న కప్ప పగలు మూడు మూరలు పైకెక్కి, రాత్రి రెండు మూరలు జారును. అది ఎన్నవ దినమున గట్టు చేరును?